పెళ్లి క్యాసెట్టుకి 4కె ఎందుకండీ?

"పాత పెళ్లి క్యాసెట్లు 4కెలోకి మారుస్తాం" అన్న బోర్డు చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ క్యాసెట్ల రకమైన వీహెచ్ఎస్‌లో అడ్డంగా దొరికే వివరమే 240 గీతల పాటిది. అమ్మమ్మ ముక్కుపుడక మసగ్గా ఉంటే అలాగే ఉండనివ్వండి. 4కెకి పెంచేటప్పుడు ఏఐ గీసేది దానికి తోచిన ముక్కుపుడక.

అసలు పనంతా క్యాసెట్ ఆడించే మిషన్, అదే వీసీఆర్ దగ్గరుంది. ముందు క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి చూడండి. టేపు అంచున తెల్లటి పొడి ఉంటే బూజు. అలాగే పెట్టారో, టేపుని చదివే హెడ్లకి పట్టి తర్వాతి క్యాసెట్టుకీ అంటుతుంది. కోస్తా తేమలో బీరువా అడుగున పడున్నవాటికి ఇది మామూలే. పొడి లేకపోతే చివరిదాకా ఒకసారి ఫార్వర్డ్ చేసి వెనక్కి చుట్టండి, బిగువు సమానమవుతుంది.

తెరంతా మంచు కురుస్తుంటే హెడ్లు మురికిపట్టాయి. షామీ అనే మెత్తటి తోలు ముక్కని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి హెడ్లుండే గుండ్రటి డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకోండి, డ్రమ్ముని చేత్తో తిప్పండి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. దూదిపుల్ల అసలొద్దు, పోగులు చిక్కుకుంటాయి. చివరిదాకా మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో వీసీఆర్ల తయారీ మానేసింది, ఇక విరిగితే ఇంకో పాత మిషన్ వెతుక్కోవడమే. గీతలు పట్టీలా ఒకచోటే ఉంటే వీసీఆర్‌లో హెడ్డు దారిని టేపుకి సరిపెట్టే ట్రాకింగ్ తిప్పండి, ప్రతి క్యాసెట్టుకీ విడిగా. అడుగున సన్నగా చెదిరే పట్టీ మాత్రం జబ్బు కాదు, హెడ్లు మారే చోటు. పాత టీవీల అంచు దాన్ని దాచేసేది.

పందిరి గుంజలు వంకరగా వణుకుతున్నాయా? అది టైమ్‌బేస్ లోపం, అంటే బొమ్మ గీతల టైమింగ్ తప్పడం. అసలు మందు ఆ టైమింగ్‌ని సరిచేసే పెట్టె, టీబీసీ, కానీ ఖరీదు. పానాసోనిక్ డీఎంఆర్-ఈఎస్10 లేదా ఈఎస్15 డీవీడీ రికార్డరు, పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) రకం, వీసీఆర్‌కీ కంప్యూటర్‌కీ మధ్యలో తగిలించి సిగ్నల్‌ని అందులోంచి దాటిస్తే చాలు, రికార్డు చెయ్యక్కర్లేదు. చాలావరకు నిలబడుతుంది. వీడియోని కంప్యూటర్‌లోకి ఎక్కించే చవక యూఎస్‌బీ డాంగిల్‌ని వీసీఆర్‌కి నేరుగా తగిలిస్తే ఫ్రేములు రాలిపోయి మంత్రం ఒకచోట, పంతులుగారి నోరు ఒకచోట.

కంప్యూటర్‌లోకి ఎక్కించడం (క్యాప్చర్) వర్చువల్‌డబ్ సాఫ్ట్‌వేర్‌లో, 720×576, సెకనుకి 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్‌డ్‌గానే (ఒక ఫ్రేములో రెండు సగం బొమ్మలు గీత విడిచి గీత), నాణ్యత పోకుండా దాచే హఫ్‌వైయూవీ కోడెక్‌తో. గంటకి 30 జీబీ అటూఇటూ పడుతుంది, పడనివ్వండి. అమెరికా నుంచొచ్చిన సీమంతం క్యాసెట్ అయితే అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ: 720×480, 29.97. తర్వాత ఆ సగం బొమ్మల్ని విడదీసే క్యూటీజీఎంసీ ఫిల్టరుతో, మన పాల్ క్యాసెట్లనైతే 50 ఫ్రేములుగా విడగొట్టండి. షాపులవాళ్లు 25కి కుదించి సగం కదలికని పారేస్తారు, పైగా 4:3 బొమ్మని వెడల్పుగా సాగదీసి పెళ్లికొడుకుని లావు చేస్తారు.

షాపుకే ఇస్తానంటే అడ్వాన్సుకి ముందే అడగండి: మధ్యలో టీబీసీ ఉందా, కుదించని ఫైలు హార్డ్‌డిస్క్‌లో ఇస్తారా? క్యాసెట్ మాత్రం వెనక్కి తెచ్చుకోండి.