సిరొంచ రాళ్ల మీద సదస్సు సిరొంచలోనే జరగాలి

గోదావరి లోయ భూగర్భం మీద సదస్సు అనగానే హైదరాబాద్, నాగపూర్ పేర్లే వినిపిస్తాయి. నేను సిరొంచ అంటాను. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నడిచే ఊరు.

ఇక్కడికి దగ్గర్లోని కోట అనే పల్లె పేరునే జురాసిక్ కాలపు రాతి పొరలకు పెట్టారు. ఇదే తాలూకాలోని పోచంపల్లి దగ్గర కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తవ్వితే కనీసం ఆరు రాక్షసబల్లుల ఎముకలు, సుమారు 300 దొరికాయి. తవ్వకాలు సాగిన 1961 ఠాగూర్ శతజయంతి ఏడాది కావడంతో, 1975లో శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ‘బారాపాసారస్ టాగోరై’ అన్నారు. అస్థిపంజరం కోల్‌కతాలో నిలబడి ఉంది. దాన్ని చూడాలంటే రైలు కూడా లేని మా తాలూకా పిల్లలు ఎంత దూరం పోవాలి? వడదం దగ్గర ఫాసిల్ పార్కు ఉంది, నిజమే. కానీ అక్కడి రాయి కథను పిల్లలకు తెలుగులో విడమరిచి చెప్పేవాళ్లు కావాలి.

ఎముకల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది కాళ్ల కింది నేల. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వస్తే ఇక్కడా ఇళ్లు ఊగాయి. ఇక్కడి గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ నీళ్ల బరువు వల్లే వచ్చిందా అని జనం అడిగారు. భయపడ్డవాళ్లు అడగాల్సిన ప్రశ్నే అది. ఈ లోయ నది ఒక్కటే తవ్వింది కాదు, పాత పగుళ్ల మధ్య నేల కుంగి ఏర్పడింది. ఇక్కడ మేడిగడ్డ బ్యారేజీ లేని 1969లోనే భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. ఈ సంగతి చెబితే జనానికి అర్థం కాదనుకోవడం పొరపాటు. నీళ్ల ఒత్తిడి పగుళ్ల మీద ఎంత పనిచేస్తుందన్నదీ కొలతలతో ఇక్కడే చెప్పాలి. మేడిగడ్డ పియర్లు (బ్యారేజీని మోసే స్తంభాలు) 2023 అక్టోబరులో కుంగినప్పుడు పునాది కింది ఇసుక సంగతి దేశమంతా మాట్లాడింది. ఎదురు ఒడ్డున, బ్యాక్‌వాటర్‌లో పొలాలు మునిగిన మా రైతులకు ఎవరూ చెప్పలేదు.

అందుకే సదస్సులో ఒక పూట తెలుగులో, మరాఠీలో జరగాలి. ఇంగ్లిష్ పత్రాలు మిగతా రోజుల్లో చదువుకోవచ్చు. ఆ పూట బోరుబండి వాళ్లనీ వేదిక మీదికి పిలవాలి. ఎన్ని అడుగులకు ఎర్రమట్టి, ఎన్ని అడుగులకు రాయి, ఎక్కడ నీరు తగిలిందో ఊరూరా చెప్పగలిగేది వాళ్లే. ఆ లెక్కలు రాసుకునే నోటుబుక్కు ఒకటి చాలు, పని మొదలుపెట్టడానికి.