రిజాల్వ్ కాన్ఫ్‌కి తాళం వేయమన్న మహానుభావుడికి

ఈ వారంలో ఇది నాలుగోసారి. రుషికొండ ఆఫీసు గ్రూపులో వచ్చింది, కాలేజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, గాజువాకలో ఉండే మా బావమరిది పంపాడు. చివరికి నేను పని నేర్పిన కుర్రాడే "సూపర్ టిప్స్ సార్" అంటూ పంపాడు. "లైనక్స్ సర్వర్‌కి పేర్లు దొరకట్లేదా? ఈ 5 పనులు చేయండి, జన్మలో మళ్ళీ సమస్య రాదు!"

రిజాల్వ్ కాన్ఫ్ అంటే, పేరు చెబితే ఐపీ అడ్రస్ (మెషిన్ నంబరు) చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్లని, అంటే నేమ్‌సర్వర్లని, రాసుకునే ఫైలు. అందులో ఆరు రాస్తే స్పీడు పెరుగుతుందట. లైనక్స్ ప్రోగ్రాముల తరఫున పేర్లు వెతికిపెట్టే లైబ్రరీ జీలిబ్‌సీ మొదటి మూడే చదువుతుంది. మిగతా మూడూ దిష్టిబొమ్మలు.

పేరుని ముందు ఎక్కడ వెతకాలో చెప్పే ఎన్‌ఎస్‌స్విచ్ ఫైల్లో హోస్ట్స్ వరసని తిప్పి డీఎన్‌ఎస్ ముందు, ఫైల్స్ తర్వాత పెట్టాలట. మెషిన్‌లోనే ఉండే హోస్ట్స్ ఫైల్లో చేత్తో రాసుకున్న పేరు కోసం కూడా ముందు బయటికెళ్ళి అడిగి రావాలన్నమాట. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే.

డీఎన్‌ఎస్‌ని నేరుగా అడిగే డిగ్ కమాండ్‌లో పేరు వస్తే అంతా బాగున్నట్టేనట. డిగ్ అసలు ఎన్‌ఎస్‌స్విచ్ ముఖమే చూడదు. ప్రోగ్రాములు వెతికే దారిలోనే వెతికే గెట్‌ఎంట్ హోస్ట్స్ కమాండ్ కొట్టి చూడండి.

ఇక అసలు విషం. "రిజాల్వ్ కాన్ఫ్‌లో 8.8.8.8 రాసి, చాటర్ ప్లస్ ఐ కొట్టండి. ఇక ఎవడూ మార్చలేడు." 8.8.8.8 అంటే గూగుల్ డీఎన్‌ఎస్, చాటర్ ప్లస్ ఐ అంటే ఫైలుని ఎవరూ మార్చకుండా తాళం వేసే కమాండ్. అయ్యా, మా పేరోల్ సర్వర్ పేరు గూగుల్‌కి ఎలా తెలుస్తుంది? "అలాంటి పేరు లేదు" అంటుంది. కింద రెండో లైన్లో మన ఆఫీసు డీఎన్‌ఎస్ రాశాం కదా అంటారా? మొదటి సర్వర్ పలక్కపోతేనే రెండోదాని దాకా వెళ్తుంది. "లేదు" అనేది కూడా జవాబే, వెతుకులాట అక్కడితో సరి. పైగా లోపలి సర్వర్ల పేర్లన్నీ బయటివాళ్ళకి మనమే చదివి వినిపించినట్టు.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు బయటి లైన్లు పోయాయి. జనరేటర్ మీద మెషిన్లు నడుస్తూనే ఉన్నాయి. కానీ ఇలా బయటి డీఎన్‌ఎస్‌నే నమ్ముకున్న ఒక సర్వర్‌కి పక్క ర్యాక్‌లోని డేటాబేస్ పేరు తెలియలేదు!

ఇక ఆ తాళం సంగతి. ఆ ఫైలుని మామూలుగా రాసేది నెట్‌వర్క్ మేనేజరో, సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీనో, అలాంటి ప్రోగ్రామే. మార్చాలంటే వాటికి చెప్పాలి గానీ ఫైలు గొంతు నొక్కితే ఎలా? పోయినేడాది మా దగ్గర ఒకాయన ఇలాగే తాళం వేసి, ఎక్కడా రాయకుండా ఉద్యోగం మారిపోయాడు. డీఎన్‌ఎస్ ఐపీ మార్చిన రాత్రి నేను రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) ఉండి కూడా "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అనిపించుకున్నాను. పర్మిషన్లు చూస్తే శుభ్రంగా ఉన్నాయి. ఆ తాళాన్ని చూపించే ఎల్‌ఎస్‌యాటర్ కమాండ్ గుర్తొచ్చేసరికి తెల్లవారుజామున మూడు.

అయిదోది చూసి నవ్వబోయాను. "ఎన్‌ఎస్‌స్విచ్ మార్చాక రీబూట్ చేయండి." నవ్వు మధ్యలోనే ఆగింది. నడుస్తున్న ప్రోగ్రాములు ఆ ఫైలుని తమంతట తాము మళ్ళీ చదవడం 2021లో జీలిబ్‌సీ 2.33తోనే వచ్చింది. మా ర్యాక్‌లో సెంటోస్ 7 అనే పాత లైనక్స్ మెషిన్ ఒకటి ఇంకా ఉంది, దాని జీలిబ్‌సీ 2.17. మొత్తం రీబూట్ అక్కర్లేదు గానీ సర్వీసు రీస్టార్ట్ చేయాల్సిందే. ఇక్కడ మాత్రం ఆయనది చాలావరకు కరెక్టే.