టెంటులో గ్యాస్ హీటర్ వెలిగించి పడుకోవచ్చా? వాట్సాప్ మెసేజ్‌కు జవాబు

చలికాలం వచ్చిందంటే విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. లంబసింగి, వంజంగి, అరకు వైపు వెళ్లి టెంట్లలో పడుకునేవాళ్లకు అందులో సలహాలుంటాయి. దాని సారాంశం ఇది: ‘చిన్న గ్యాస్ హీటర్ కొనుక్కోండి, రాత్రంతా టెంటులో వెలిగించుకోండి. గ్యాస్ మంటకు పొగ రాదు కాబట్టి భయం లేదు. ఏదైనా తేడా వస్తే వాసన తెలుస్తుంది. జిప్ కొంచెం తెరిచి ఉంచితే చాలు. కొత్త హీటర్లలో సెన్సర్ ఉంటుంది, అదే ఆపేస్తుంది. అనుమానం వస్తే వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూసుకోండి. గిన్నెలో నీళ్లు పెడితే చెడుగాలిని పీల్చేస్తాయి. హీటర్ లేకపోతే బొగ్గుల కుంపటి పెట్టుకోండి. అన్నీ బ్యాగులో పట్టేస్తాయి, అరకు రైల్లో హాయిగా తీసుకెళ్లొచ్చు.’

ఇందులో ఒకటి రెండు మాటలు సగం నిజాలు. అందుకే జనం నమ్ముతున్నారు, అందుకే నాకు భయంగా ఉంది. మనది ఉక్కపోత ఊరు. మన ఇళ్లలో హీటర్ ఉండదు. దాన్ని ఎలా వాడాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే పెద్దవాళ్లూ ఉండరు. 2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్ చూడ్డానికి వెళ్లినవాళ్లు దమన్ అనే చలి ఊళ్లో ఒక రిసార్టులో దిగారు. తలుపులు, కిటికీలు మూసుకుని గ్యాస్ హీటర్ వెలిగించి పడుకున్నారు. ఆ గదిలో ఉన్న ఎనిమిది మందీ చనిపోయారు. అందులో నలుగురు చిన్నపిల్లలు. వాళ్లూ మనలాగే సముద్రతీర రాష్ట్రం నుంచి వెళ్లినవాళ్లు. అది గది. టెంటు అంతకంటే ఎంతో చిన్నది.

ఇక మెసేజ్‌లోని మాటలు ఒక్కొక్కటీ చూద్దాం.

‘గ్యాస్ మంటకు పొగ రాదు కాబట్టి ప్రమాదం లేదు.’

పొగ రాదన్నది నిజం. కానీ ప్రాణం తీసేది పొగ కాదు. ప్రొపేన్ అయినా బ్యూటేన్ అయినా మండాలంటే ఆక్సిజన్ కావాలి. కిలో గ్యాస్ పూర్తిగా మండడానికి దాదాపు 13 ఘనమీటర్ల గాలి పడుతుంది. ఇప్పుడు టెంటు లెక్క చూడండి. ముగ్గురు పడుకునే మామూలు డోమ్ టెంటులో పట్టే గాలి సుమారు 3 ఘనమీటర్లు. మూడు కిలోవాట్ల హీటర్‌ని పూర్తి మంట మీద పెడితే గంటకు 230 గ్రాముల గ్యాస్, అంటే మార్కెట్లో దొరికే చిన్న బ్యూటేన్ డబ్బా ఒకటి, ఖర్చవుతుంది. ఆ డబ్బా మండడానికి కావలసిన గాలి కూడా సరిగ్గా 3 ఘనమీటర్లే. బయటి గాలి రాకపోతే ఒక్క గంటలో టెంటు మొత్తం గాలిని తినేసేంత మంట అది. లోపల ఉన్న ముగ్గురు మనుషులు పీల్చేది దీనికి అదనం.

నిజానికి ఆ మంట చివరిదాకా నీలంగా మండదు. గాలిలో మామూలుగా 20.9 శాతం ఉండే ఆక్సిజన్ తగ్గుతున్న కొద్దీ గ్యాస్ సగం సగం కాలుతుంది. అప్పుడు పుట్టేదే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం. మెలకువగా ఉన్నవాళ్లు కూడా ఘాట్ రోడ్డు తిప్పిందనో, సరిగ్గా తినలేదనో అనుకుంటారు. నిద్రలో ఉన్నవాళ్లకు ఇవేవీ తెలియవు. మద్యం తాగి పడుకుంటే అసలే తెలియదు.

ఇంకో సంగతి మెసేజ్ రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. గ్యాస్ మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఆ 230 గ్రాముల డబ్బా నుంచి సుమారు 350 మిల్లీలీటర్ల నీళ్లు తయారవుతాయి. అదంతా చల్లటి టెంటు గుడ్డకు తగిలి చుక్కలు కట్టి దుప్పట్ల మీద కారుతుంది. హీటర్ ఆగిపోయాక తడి దుప్పట్లతో మొదటికన్నా ఎక్కువ వణుకుతారు.

‘తేడా వస్తే వాసన తెలుస్తుంది.’

ఇక్కడ రెండు వేరువేరు ప్రమాదాలను కలిపేశారు. మండకుండా లీకయ్యే గ్యాస్‌కు వాసన ఉంటుంది. గుర్తుపట్టడానికి అందులో ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. మండిన తర్వాత పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు ఏ వాసనా ఉండదు. పోనీ లీకు సంగతైనా, వాసన మనిషిని నిద్ర లేపుతుందని నమ్మడానికి లేదు. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకైనప్పుడు ఊరంతా నిద్రలో ఉంది. స్టైరిన్‌కు వాసన ఉంది. అయినా 12 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఉదయం రోడ్ల మీద పడిపోయిన మనుషుల్ని టీవీలో చూసిన ఊరు మనది. మన గ్రూపుల్లోనే ‘వాసన వస్తుంది లెండి’ అని రాస్తుంటే మనసు కష్టంగా ఉంటుంది.

‘జిప్ కొంచెం తెరిస్తే చాలు.’

ఎంత కొంచెం? ఎక్కడ? లంబసింగిలో తెల్లవారుజామున మంచు దిగుతుంటే పక్కన పడుకున్నవాళ్లు చలికి లేచి ఆ కాస్త జిప్ కూడా మూసేస్తారు. గాలి ఆడాలంటే కింద ఒక దారి, పైన ఒక దారి, రెండూ తెరిచి ఉండాలి. కిందనుంచి చల్లగాలి వస్తేనే వేడిగాలి పైనుంచి పోతుంది. పైన ఉన్న జాలీ కిటికీని వాన గుడ్డ కప్పేస్తే అది ఉన్నా లేనట్టే.

లీకు సంగతికి వస్తే ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. లీకైంది పైకి పోదు, టెంటు అడుగున, మనం పడుకున్న చోటే పరుచుకుంటుంది. 1997 సెప్టెంబరు 14న మన హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో జరిగింది ఎల్పీజీ లీకే. లీకైన గ్యాస్ మేఘంలా పరుచుకుని అంటుకుంది. దాదాపు 60 మంది చనిపోయారు. మోతాదులో పోలిక లేదు, కానీ గ్యాస్ నడిచే తీరు ఒకటే. మీటరు ఎత్తులో పెట్టిన జిప్ సందు నేల మీది గ్యాస్‌ను బయటికి పంపదు.

‘సెన్సర్ ఆపేస్తుంది.’

ఇది మంచి ఏర్పాటే, హీటర్ కొంటే అది ఉన్నదే కొనాలి. దాన్ని ఓడీఎస్ అంటారు. ఆక్సిజన్ సుమారు 18 శాతానికి పడిపోతే గ్యాస్‌ను ఆపుతుంది. కానీ అది కార్బన్ మోనాక్సైడ్‌ను కొలవదు. బర్నర్‌లో దుమ్ము చేరినా, సాలీడు గూడు పెట్టినా, మంట మీద ఎవరైనా గిన్నె పెట్టినా ఆక్సిజన్ బాగానే ఉండగా విషవాయువు పుట్టొచ్చు. పైగా ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే, డబ్బా మీద బిగించే చిన్న హీటర్లలో చాలావాటికి ఈ సెన్సర్ ఉండదు.

‘అనుమానం వస్తే ఆక్సీమీటర్ చూసుకోండి.’

మొత్తం మెసేజ్‌లో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టిన మాట ఇది. కోవిడ్ రోజుల నుంచి చాలా ఇళ్లలో ఆక్సీమీటర్ ఉంది, 95 పైన ఉంటే పర్లేదని అందరికీ అలవాటైంది. ఆ అలవాటే ఇక్కడ మోసం చేస్తుంది. వేలికి పెట్టుకునే ఆ పరికరం ఎరుపు కాంతి, పరారుణ కాంతి పంపి రక్తం రంగును బట్టి అంచనా కడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ కూడా దాని కంటికి ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ లాగే ఎర్రగా కనిపిస్తుంది. అందుకని మనిషికి స్పృహ తప్పుతున్నా అది 97, 98 చూపించగలదు. తలనొప్పితో లేచిన మనిషి ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకుని మళ్లీ పడుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. టెంటులో తలనొప్పి వస్తే ఏ పరికరమూ చూడొద్దు. ముందు బయటికి రండి.

నీళ్ల గిన్నె మాటలో ఏమీ లేదు. కార్బన్ మోనాక్సైడ్ నీళ్లలో దాదాపుగా కరగదు.

బొగ్గుల కుంపటి గ్యాస్ హీటర్ కంటే ఘోరం. పొగ ఆగిపోయి నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు అది విడుదల చేసే కార్బన్ మోనాక్సైడ్ చాలా ఎక్కువ. ఉత్తరాదిలో ప్రతి చలికాలం గదిలో కుంపటి పెట్టుకుని కుటుంబాలు చనిపోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. చలిమంట బయటే వేసుకోండి, బయటే ఆర్పండి. మిగిలిన నిప్పులు టెంటులోకి తేవద్దు.

రైలు సంగతి కూడా చెప్పాలి. గ్యాస్ డబ్బాలు, సిలిండర్లు రైల్లో తీసుకెళ్లడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. 2023 ఆగస్టు 26న మధురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో, చట్టవిరుద్ధంగా తెచ్చిన గ్యాస్ సిలిండర్ వల్ల మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. అరకు రైలు వెళ్లే కిరండూల్ లైన్లో సొరంగాల మీద సొరంగాలు దాటుతూ వెళ్లే బోగీలో అలాంటిది జరిగితే జనం దిగి పారిపోవడానికి చోటు కూడా ఉండదు.

మరి హీటర్ అసలు వాడకూడదా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముగ్గురు నలుగురు పట్టే చిన్న డోమ్ టెంటులో వద్దు. హీటర్‌కు అన్ని వైపులా కనీసం మూడడుగుల ఖాళీ ఉండాలి. ఏడడుగుల టెంటులో మధ్యన హీటర్ పెట్టి చుట్టూ మూడడుగులు వదిలితే మనుషులకు చోటే మిగలదు. టెంటు గుడ్డ నైలాన్ లేదా పాలిస్టర్. వేడికి కరిగి ఒంటికి అంటుకుపోతుంది. మనిషి నిలబడేంత ఎత్తున్న పెద్ద ఫ్యామిలీ టెంటు అయితే, పడుకునే ముందు అరగంట, అందరూ మెలకువగా ఉండగా వాడుకోవచ్చు. ఎవరికైనా నిద్ర పట్టేలోపు ఆపేయాలి. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు.

కొనేటప్పుడు పెట్టె మీద, పుస్తకంలో మూసిన చోట్ల వాడొచ్చని తయారీదారు రాశారో లేదో చూడండి. ‘అవుట్‌డోర్ యూజ్ ఓన్లీ’ అని ఉంటే టెంటుకు అది పనికిరాదు. ఓడీఎస్ ఉండాలి, ఒరిగితే దానంతటదే ఆగిపోవాలి, మంట ఆరితే గ్యాస్ ఆగాలి, హీటర్ అడుగు భాగం వెడల్పుగా ఉండాలి. డబ్బా మీద నిలబెట్టే పొడుగు హీటర్ టెంటులో ఎవరి కాలు తగిలినా పడిపోతుంది. ఇంటి సిలిండర్ నుంచి చిన్న సిలిండర్‌లోకి గ్యాస్ ఎక్కించి ఇచ్చే చోట అసలు కొనొద్దు. కలిపే చోట సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. డబ్బా మార్చడం టెంటు బయట, మంటకు దూరంగా చేయండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. గ్యాస్ బయటికి వస్తున్న కొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది కాబట్టి ఐదారు డిగ్రీల్లోనే మంట నీరసపడుతుంది. అప్పుడు డబ్బాను మంట దగ్గర వేడి చేసేవాళ్లున్నారు. అది పేలుతుంది.

బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా తీసుకోండి. గ్యాస్ లీక్ అలారం వేరు, అది ఈ పని చేయదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం చేసిన అలారం, గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 300 పీపీఎం (పది లక్షల భాగాల్లో 300) ఉంటే మూడు నిమిషాల్లో మోగాలి. అలారం ఉంది కదా అని హీటర్‌తో పడుకోకండి.

అసలు మన కొండల చలికి హీటర్ అవసరమే లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. చలి బాగా ముదిరిన రోజుల్లో ఒక అంకె డిగ్రీలకు దిగుతుంది, అంతే. స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. ‘ఎక్స్‌ట్రీమ్’ అంకె చూసి కొనొద్దు, ‘కంఫర్ట్’ అంకె 5 లోపు ఉన్నది చూడండి. ఒంటి వేడి ఎక్కువగా లాక్కునేది నేల. కింద మందపాటి ఫోమ్ మ్యాట్ లేకుండా పైన ఎన్ని దుప్పట్లు కప్పినా లాభం లేదు. చెమట పట్టిన బట్టలు మార్చుకోండి, ఉన్ని టోపీ, పొడి సాక్సులు వేసుకోండి. వేడినీళ్ల బాటిల్ మూత గట్టిగా బిగించి గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోండి. చాలాసేపు వెచ్చగా ఉంటుంది.

ఎవరైనా హీటర్ ఉన్న టెంటులో మత్తుగా, లేపినా లేవకుండా ఉంటే టెంటు పూర్తిగా తెరిచి, మనిషిని బయటి గాలిలోకి లాగండి. తర్వాత హీటర్ ఆపండి, 108కి ఫోన్ చేయండి. ఒకరు బాగున్నట్టు కనిపించినా ఆ టెంటులో ఉన్న అందరినీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మామూలు గాలిలో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. అక్కడ డాక్టరుకు మొదటి మాటగా ‘టెంటులో గ్యాస్ హీటర్ వెలిగించాం’ అని చెప్పండి. ఆక్సీమీటర్‌లో 98 వచ్చినా సరే, రక్తపరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో చూడమని అడగండి.