సెల్లార్లో కాపురం ఉంటున్న వత్తు గారికి నోటీసు

మహారాజశ్రీ వత్తు గారికి,

చూశారా, పిలుపులోనే దూరిపోయారు. ‘శ్రీ’ కింద ఒకరు, ‘వత్తు’లో త కింద ఇంకొకరు. మీ మీద ఫిర్యాదు రాద్దామన్నా మీరు లేకుండా కుదరడం లేదు.

విషయానికి వస్తాను. మీది అక్రమ నివాసం. హైదరాబాద్‌లో సెల్లార్ ఉన్నది బండ్లు పెట్టుకోవడానికి, వానాకాలంలో నీళ్లు నిలవడానికి. పైన అక్షరం తలకట్టు పెట్టుకుని దర్జాగా ఉంటే, కింద మీరు సంసారం పెట్టారు. ‘రాష్ట్రం’లో అయితే ఒక్క ష కింద ఇద్దరు. 2014లో రాష్ట్రం రెండైంది గానీ, మీ ఉమ్మడి కాపురం మాత్రం చెక్కుచెదరలేదు.

కాగితాలు చూపించండంటే అవీ లేవు. కంప్యూటర్లో ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. క నుంచి హ దాకా ప్రతి హల్లుకూ సొంత నంబరుంది. మీ పేరున ఒక్కటీ లేదు. పొల్లు కొట్టి, దాని వెనక మామూలు హల్లు కొడితే, ఫాంటే దాన్ని మీ ఆకారంలోకి మార్చి కిందికి దించుతోంది. ఆ ఆకారమైనా తిన్నగా ఉందా? గ, డ, ద తలకట్టు తీసేసి దిగుతాయి, గుర్తుపడతాం. త, న, మ, య, ర, ల వత్తులకు తల్లి పోలికే లేదు. ఒకటో తరగతి పిల్లల్ని ఏడిపించడానికి కాకపోతే ఎందుకండీ ఈ వేషాలు?

దౌర్జన్యం కేసు కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో, కంటికి కనబడని కోడు ఒకటి ఇరికించిన ‘జ్ఞా’ మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ అప్‌డేట్ పంపితే గానీ గొడవ సద్దుమణగలేదు. ఒక్క జ్ఞానానికే అంత పని జరిగింది.

మొన్న మా అమ్మ కరెంటు బిల్లు కట్టబోయి ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. “చెలించు అంటోంది, ఏం చెయ్యాలిరా?” బటన్ మీద ఉండాల్సింది ‘చెల్లించు’. ఆ బటన్ గీసినవాళ్లు ఇంగ్లీషు ‘పే’కి సరిపడా డబ్బా గీసి, అందులో తెలుగు పోశారు. మీరున్న భాగం అంచు కింద తెగిపోయింది. పక్క బటన్ ‘రదు’. ముప్ఫై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన మనిషి, అద్దాలు తుడుచుకుని రెండింటినీ మళ్లీ చూసింది. “రెండు తప్పుల్లో ఏది నొక్కమంటావు?” అంది.

ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో గీత కిందికి కాలు చాపేవి జి, జె, పి, క్యూ, వై, అంతే. ఆ కాళ్లకు సరిపడా చోటు వదిలితే వాళ్ల పని అయిపోతుంది. మీతో అలా కాదే! ఫాంటు చేసేవాళ్ల తిప్పలు చూడండి. అక్షరం సైజు 12 పాయింట్లు అన్నాక పైన గుడి దీర్ఘం, నడుమ అక్షరం, కింద మీరు, అందరూ ఆ పన్నెండులోనే ఇమడాలి. మీకు చోటిస్తే పై అక్షరం చిక్కిపోయి, పక్కనున్న ఇంగ్లీషు ముందు అన్నం తినని పిల్లాడిలా నిలబడుతుంది. దాన్ని పెంచితే మీరు మసి చుక్కవుతారు. పోనీ మిమ్మల్ని చిన్నగా గీద్దామంటే, గీత మందం పై అక్షరంతో సరితూగాలి, లేకపోతే పైన బొద్దు, కింద బక్క. థ పొట్టలో చుక్క పూడిపోకుండా కాపాడుకోవడమే కష్టం, పైగా మీరొకరు. (మన ఫాంట్లలో పోతన, వేమన, గురజాడ, గిడుగు ఉన్నారు, ఆ పేర్లలో మీకు చోటు లేదు. పెద్దన, తిమ్మన, మల్లన్న కాస్త దయ తలిచారు.)

మా చెల్లెలి పెళ్లికార్డుకు ఛత్తా బజార్ వెళ్లాను. ఆ పేరులోనూ మీరే! కంప్యూటర్లో చూస్తే పై వరసలోని వత్తులు కింది వరస గుడుల మీద కూర్చున్నాయి. లైన్ గ్యాప్ పెంచమన్నాను. డీటీపీ కుర్రాడు స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే, “పెంచితే కింది పేర్లు పక్క పేజీకి పోతయ్ సార్. వత్తు ఉంచాల్నా, మేనత్తను ఉంచాల్నా?” అన్నాడు.

పెళ్లింట్లో మేనత్త పేరు తీసేసే మగాడు ఇంకా పుట్టలేదు. మీరే నలిగారు.

ఆ గ్యాపు కోసం పాత ప్రెస్సుల్లో వరసకూ వరసకూ మధ్య సీసపు పట్టీలు పెట్టేవారు. దాన్ని లెడ్డింగ్ అంటున్నది అందుకే. సీసం డబ్బు పెట్టి కొనాల్సిన రోజుల్లో దొరికిన జాగా, మౌస్ ఒక్క నొక్కు నొక్కితే వచ్చే ఈ రోజుల్లో దొరకడం లేదు. ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌ను బిల్డర్ మింగినట్టు ఆ జాగాను మింగేస్తున్నారు. అయినా తప్పు మీదే. చోటు లేదని తెలిసీ వచ్చారు కదా.

కాబట్టి వారం లోపల ఖాళీ చేయండి. మీరు పోతే అమ్మ అమ అవుతుంది, పప్పు పపు అవుతుంది, అప్పు అపు అవుతుంది, సర్దుకుంటాం. బిర్యానీ బిరానీ అయిన రోజున మాత్రం ఈ ఊరు మిమ్మల్ని వెతుక్కుంటూ రావచ్చు, అడ్రసు ఇచ్చి వెళ్లండి.

ఈ నోటీసు మూసలో సంతకం గడి మరీ పొట్టిది. పెంచితే తేదీ కింది పేజీకి పోతోంది. ఈ ఒక్కసారికి ఏమీ అనుకోకండి.

ఇటు,
మీ పాఠకుడు