మిషన్‌ది అని రాస్తే మునిగిపోయేదేముంది?

"ఇదే వినాయకుడు పక్క స్టాల్లో మూడు వేలేనన్నా. నువ్వేంది పద్నాలుగు వేలంటావు?"

బెంగళూరు మేళాలో నా చెక్క బొమ్మల స్టాల్ ముందు నిలబడి అడిగింది ఒక నెల్లూరాయన. నేను ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతుంటే యాస పట్టుకొని "మనోళ్ళేనా?" అని ఆగాడు. ఏ ఊరని అడిగాడు. శ్రీకాళహస్తి పక్కన మాధవమాల అంటే "అబ్బో, బొమ్మల ఊరు కదా" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నోట్లో ఉండగానే బేరంలోకి దిగాడు. బెంగళూరు మేళాల్లో తెలుగు మాట్లాడితే లాభమూ ఇదే, నష్టమూ ఇదే. కన్నడంవాళ్ళు "స్వల్ప కడిమె మాడి" (కొంచెం తగ్గించండి) అని ఒకసారి అడిగి ఊరుకుంటారు. మనవాళ్ళు చుట్టరికం కలిపి మరీ సగానికి అడుగుతారు.

అయినా ఆయన తప్పేం లేదు. ఆయన చూసిన రెండు పలకలూ అడుగున్నర ఎత్తు, అడుగు వెడల్పు. రెండిట్లోనూ వినాయకుడు ఒకే తీరున కూర్చున్నాడు. నా నెత్తిన "హ్యాండ్‌మేడ్ ఉడ్ కార్వింగ్" అని బోర్డు, పక్క స్టాల్ నెత్తినా అదే బోర్డు. ఆ బోర్డులు మేం రాసుకున్నవి కావు, మేళా పెట్టినవాళ్ళే అందరికీ ఒకే ఫ్లెక్సీలో కొట్టించినవి. ఒకే పేరున్న రెండు వస్తువుల్లో ఒకటి మూడు వేలు, రెండోది పద్నాలుగు వేలు అయితే ఎవరైనా ఏమనుకుంటారు? రెండోవాడు దొంగ అనుకుంటారు. నేనైనా అంతే అనుకుంటాను.

పక్కది సీఎన్సీ రౌటర్ మీద, అంటే కంప్యూటర్ ఫైలు ప్రకారం చెక్కను కోసే మిషన్ మీద కోసిన పలక. ఆ మాట నేను గట్టిగా అనలేకపోయాను. ఎందుకంటే ఆ స్టాల్లో కూర్చున్న అబ్బాయికి ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు. రోజుకూలీకి కూర్చున్నాడు. సరుకు వాడిది కాదు, అబద్ధమూ వాడిది కాదు. మధ్యాహ్నం నేను తెచ్చుకున్న చిత్రాన్నంలో సగం వాడే తిన్నాడు. వాడి ముందే వాడి సరుకును తక్కువ చేసి మాట్లాడాలంటే నోరు రాలేదు.

పద్నాలుగు వేల లెక్క చెప్తాను, ఎవరైనా కూర్చుని సరిచూసుకోవచ్చు. పలక పాత టేకు. ఇక్కడ బసవనగుడి, మల్లేశ్వరం వైపు పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే తలుపు చెక్కలు మైసూరు రోడ్డు డిపోల్లో దొరుకుతాయి. అరవై, డెబ్బై ఏళ్ళు ఎండిన చెక్క, నెర్రెలు పట్టదు, అంత చేవ కొత్త టేకులో ఉండదు. కాకపోతే లోపల ఎక్కడో విరిగిన మేకు దాక్కుని ఉంటుంది. ఉలి పోయి దానికి తగిలిందంటే అంచు పోయినట్టే, అరపూట సానరాయి దగ్గర కూర్చోవాలి. ఆ పలకకి 1,100. పని తొమ్మిది రోజులు. ఏ అపార్ట్‌మెంట్‌లోనో ఇంటీరియర్ పనికి పోతే నాకు రోజుకి 1,200 ఇస్తారు. అదే కూలీ వేసుకున్నా 10,800. మొత్తం 11,900. మిగిలిన 2,100లో స్టాల్ అద్దె వాటా, టాటా ఏస్ కిరాయి, పాలిష్, అమ్ముడుపోక ఇంటికి తిరిగొచ్చే వాటి ఖర్చు. ఇందులో శిల్పి అన్నవాడికి వేసిందేమీ లేదు, వడ్రంగి కూలీయే వేశాను.

ఇప్పుడు పక్కదాని సంగతి. వినాయకుడి డిజైన్ ఫైలు ఆన్‌లైన్లో కొన్ని వందలకే దొరుకుతుంది. పలకను బల్లకి బిగించి ఫైలు పెడితే మిషన్ ఒక పూటలో దించేస్తుంది. తర్వాత గరుకు కాగితం, డార్క్ స్టెయిన్, పైన లక్కర్. చూడ్డానికి బాగుంటుంది. బాగోలేదని నేను అనను. నున్నదనంలో అయితే నాకంటే మేలు.

తేడా ఎక్కడుంటుందో నెల్లూరాయనకి చూపించాను. చెయ్యి పట్టుకుని, వేలిని మా వినాయకుడి తొండం వెనక్కి పోనిచ్చాను. తొండానికీ బొజ్జకీ మధ్య సందులో వేలు సగం దూరింది. ఆయన కళ్ళు కొంచెం పెద్దవయ్యాయి. మామూలు సీఎన్సీ రౌటర్లో కోసే బిట్టు పైనుంచి నిలువుగా దిగుతుంది. కింద ఏదైనా దాక్కుని ఉంటే దాని కిందికి అది పోలేదు. అందుకే మిషన్ బొమ్మలో తొండం బొజ్జకి అంటుకుపోయి, వాన నీటికి కుదించుకుపోయిన గుడ్డలా ఉంటుంది. ఇంకొకటి, బిట్టు మొన గుండ్రం. కాబట్టి లోపలి మూలలన్నీ గుండ్రంగానే వస్తాయి. కిరీటం కింద, వేళ్ళ సందుల్లో, పీఠం అంచు దగ్గర చూడండి. ఉలితో కొట్టిన మూల కత్తితో గీసినట్టు ఉంటుంది. ఫోన్ లైటు పక్కనుంచి ఏటవాలుగా కొడితే లోతు పల్లాల్లో సన్నటి సమాంతర గీతలు కనిపిస్తాయి, దువ్వెన గీసినట్టు. కాగితంతో రుద్దినా అక్కడికి చెయ్యి పట్టదు కదా. మల్లేశ్వరంలో చెక్క మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ ఉంది, ముక్క ఇస్తే ఏ జాతి చెట్టో చెప్తారు. ఇది తెలుసుకోవడానికి అంత దూరం అక్కర్లేదు, గోరు చాలు.

ఆయన రెండు స్టాళ్ళ మధ్య నాలుగుసార్లు తిరిగాడు. రెండిటినీ తడిమాడు. చివరికి వచ్చి, "తేడా ఉందన్నా, ఒప్పుకుంటా. కానీ మాది టీవీ పైన గోడకి. అంత ఎత్తున ఎవడు వేలు పెడతాడు?" అని నవ్వి, మూడు వేలదే కొనుక్కుపోయాడు.

నిజం చెప్తున్నా, నాకు కష్టం అనిపించలేదు. తెలిసి కొన్నాడు. ఆ రోజు నా పలకలు చూసి వెళ్ళిన మిగతా వందమంది తెలియకుండా వెళ్ళారు. నా గొడవ వాళ్ళ గురించి.

ఇక్కడ మీరు "నువ్వు మాత్రం మిషన్ వాడవా?" అంటారు. వాడతాను. చెక్క కొయ్యడానికి రంపం మిషన్, అదనపు చెక్క ఎగరగొట్టడానికి యాంగిల్ గ్రైండర్, సన్న గాట్లకి చిన్న రోటరీ టూల్. మా మామ దగ్గర నేర్చుకునేటప్పుడు ఇవేవీ లేవు. మొదటి ఆర్నెల్లు నాకు చెక్క ముట్టనివ్వలేదు. ఉలి సాన పట్టడమే పని. ముంజేతి మీది వెంట్రుక గొరిగితే ఉలి సిద్ధమైనట్టు, లేదంటే మళ్ళీ రాయి దగ్గరికే. ఆయన బాడిశతో రోజంతా చెక్కేది నేను గ్రైండర్‌తో గంటలో తీస్తాను. అందుకు సిగ్గేం లేదు. భుజాలు మిగులుతున్నాయి. కానీ ముఖం, చేతులు, గుడ్డ మడతలు ఉలితోనే. కన్ను అన్నిటికంటే చివర. మా ఊళ్ళో బొమ్మకి కన్ను తెరిచే రోజున ఇంట్లో వాళ్ళెవరూ మామని పలకరించేవాళ్ళు కాదు.

ఇంకా చెప్పాలంటే, సీఎన్సీ సరుకు నేనూ అమ్మాను. ఇది రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను. రెండేళ్ళ కింద దీపావళికి ఒక కంపెనీ వాళ్ళు 40 చిన్న వినాయకుళ్ళు కావాలన్నారు, ముక్కకి 2,500. ఇరవై రోజులు గడువు. చేత్తో అయ్యే పని కాదు. వదులుకునే స్థితిలోనూ లేను, పాప స్కూల్ ఫీజు టెన్షన్ ఒకపక్క. పీణ్యలో ఒక వర్క్‌షాపుకి పోయి ముక్క 900కి నలభై దింపించాను. కళ్ళూ గోళ్ళూ ఉలితో గీసి, నూనె పాలిష్ పెట్టి ఇచ్చాను. ప్రతి డబ్బాలో ఒక కార్డు, "చేత్తో చెక్కినది" అని. కార్డు వాళ్ళదే, కానీ రాసేముందు నన్ను అడిగారు. నేను తలూపాను. 64,000 మిగిలింది. అంత డబ్బు ఇరవై రోజుల్లో నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

నెల తర్వాత ఆ ఆఫీసు నుంచి ఒకామె ఫోన్ చేసింది. పక్క సీటావిడ బొమ్మ, తన బొమ్మ పక్కపక్కన పెట్టి చూసిందట. "అన్నా, రెండిట్లోనూ ఎడమ చెవి అంచున ఒకే చోట చిన్న గీత ఉంది. అది అలాగే ఉంటుందా?" ఫైల్లో ఉన్న తప్పు నలభైమంది వినాయకుళ్ళ చెవికీ ఎక్కింది. ఆమె నన్ను పట్టుకోవాలని అడగలేదు పాపం, నిజంగానే తెలియక అడిగింది. "అది డిజైనమ్మా" అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఒంటరిగా ఉన్నా తల దించుకుంటాను.

కాబట్టి మిషన్ పెట్టుకున్నవాళ్ళని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు బోర్డు మీద ఆ మాట రాస్తే చాలు. "మిషన్ కోత, చేతి ఫినిషింగ్" అని నాలుగు మాటలు. నా బోర్డు మీదా రాస్తాను, ఏది గ్రైండరో ఏది ఉలో. మూడు వేలకి మూడు వేల సరుకు, పద్నాలుగు వేలకి పద్నాలుగు వేల సరుకు. కొనేవాళ్ళు తేల్చుకుంటారు.

ఇది మేళా వాళ్ళ పని. స్టాల్ మూడు రోజులకి 12,000 తీసుకున్నారు. రెండు బల్లలకి మించితే అదనం, స్పాట్ లైటుకి అదనం. హాలంతా ఏసీ. ఆ పొడిగాలికి నేను తెచ్చిన కొత్త వేప బొమ్మ ఒకటి రెండో రోజుకే వీపు మీద నెర్రె విచ్చింది, దాని సంగతి ఎవరికి చెప్పుకోవాలి? పైగా "మీరు కూర్చుని చెక్కుతూ ఉండండి సార్, క్రౌడ్ వస్తుంది" అన్నారు. చెక్కాను. జనం వచ్చారు, వీడియోలు తీసుకున్నారు, ఒక పిల్లాడు ఉలి అడిగి మరీ నాలుగు దెబ్బలు వేశాడు, ముచ్చటేసింది. కానీ చెక్కుతున్నప్పుడు నేను అమ్మలేను కదా. నా సుత్తి చప్పుడికి చేరిన జనం పక్క స్టాల్లో కొనుక్కున్నారు. ఆ పిల్లాడి నాన్న కూడా.

సాయంత్రం నిర్వాహకుల్లో ఒకతన్ని అడిగాను, బోర్డులు వేరు చెయ్యొచ్చు కదా అని. "అందరూ ఒకే రెంట్ కడుతున్నారు సార్, ఒకరిని మిషన్ అని రాస్తే ఒప్పుకోరు" అన్నాడు. అంటే మిషన్ అని రాస్తే సరుకు అమ్ముడుపోతుందని వాళ్ళకీ నమ్మకం లేదు. మరి చేత్తో చేసిన పనికి విలువ లేదని రోజూ మాకు చెప్పేది ఎవరు?

చేనేత వాళ్ళని చూడండి. వాళ్ళ కష్టాలు వాళ్ళకున్నాయి, కాదనను. కానీ 1985లోనే కొన్ని రకాలు చేతి మగ్గానికే వదిలెయ్యాలని పార్లమెంటు చట్టం చేసింది. 2006లో హ్యాండ్లూమ్ మార్క్ వచ్చింది. పట్టుకి సిల్క్ మార్క్ ఉంది, బంగారానికి హాల్‌మార్క్ ఉంది, కొనేవాళ్ళకి ఆ గుర్తు అడగడం అలవాటయింది. మన కొండపల్లికి, ఏటికొప్పాకకి, ఇక్కడి చెన్నపట్నకి జీఐ, అంటే ఆ ఊరి సరుకు అని చెప్పే గుర్తింపు ఉంది. అది ఆ ఊరి బొమ్మకి రక్ష, మంచిదే. ఊరు వదిలి వచ్చి కామాక్షిపాళ్యలో రేకుల షెడ్డులో చెక్కుకునే నాబోటివాడికి అది పనికిరాదు. 2023లో పీఎం విశ్వకర్మ వచ్చింది. 18 వృత్తుల్లో వడ్రంగమూ ఉంది, శిల్పమూ ఉంది. పనిముట్లకి 15,000 దాకా ఇస్తారు, ఐదు శాతం వడ్డీకి అప్పిస్తారు. ఉలి కొనుక్కోవడానికి సాయం దొరికింది. ఇది ఉలి పని అని బోర్డు మీద రాయించుకోవడానికే దారి లేదు.

జనవరిలో కుమారకృపా రోడ్డు మీద జరిగే చిత్రసంతకి నేను ఏటా చూడ్డానికి వెళ్తాను. ఆ ఒక్కరోజు రోడ్డంతా గీసిన బొమ్మలే, పేవ్‌మెంట్ మీద గోడకి ఆనించి. అక్కడ ఒకసారి ఒక కుర్రాడు తన బొమ్మల్లో కొన్నిటి కింద "ప్రింట్", కొన్నిటి కింద "ఒరిజినల్" అని పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాడు. ప్రింట్ 300, ఒరిజినల్ 8,000. అరగంట నిలబడి చూశాను. ప్రింట్లు గబగబా పోతున్నాయి. ఒరిజినల్ ఒకటి పోయింది. ఎవరూ అతనితో గొడవ పడలేదు, "అదే బొమ్మ 300కే ఉందిగా" అని ఎవరూ అడగలేదు. అట్టముక్క మీద పెన్సిల్ రాత, అంతే ఖర్చు.

వచ్చే నెల ఇంకో మేళా ఉంది, వేరేవాళ్ళది. ఫారం నింపి పంపాను. "ఉత్పత్తి రకం" అన్నచోట "హ్యాండ్‌మేడ్" అని ముందే అచ్చు వేసి, పక్కన టిక్కు కూడా వాళ్ళే పెట్టేశారు. నేను ఆ టిక్కు మీద అడ్డంగా గీత గీసి పక్కన రాశాను: "మొదటి కోత గ్రైండర్, మిగతాదంతా చేతి ఉలి. నా బోర్డు మీద ఇలాగే రాయండి, పక్కవాళ్ళని కూడా ఇదే అడగండి." దానికి జవాబు ఇంకా రాలేదు. అడ్వాన్స్ 5,000 అందిందని మాత్రం వెంటనే మెసేజ్ వచ్చింది.