అయిదు రోజుల వర్క్‌షాప్‌లో ఏం నేర్పగలం?

సాహిత్య, చరిత్ర పరిశోధకుల కోసం డిజిటల్ హ్యుమానిటీస్‌లో, అంటే ఆ పరిశోధనలకు కంప్యూటర్‌ను వాడుకునే విద్యలో, అయిదు రోజుల వర్క్‌షాప్ పెట్టాలని మాస్టారి సంకల్పం. అందులో రెండు రోజులు పాఠం చెప్పమని, తన దగ్గర పీహెచ్‌డీ చేసిన శిష్యురాలిని అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. అదే డబ్బుతో ఏడాది పొడవునా సెమినార్ నడపాలని ఆమె పట్టు.

మాస్టారు: నువ్వు కాదంటావని అనుకోలేదమ్మా. కంప్యూటర్‌తో పాఠ్యాన్ని ఎలా చదవవచ్చో ఎన్నడూ చూడనివాళ్లకు చూపిద్దామంటున్నాను. అందులో నీకు కనిపించిన తప్పేమిటి?

శిష్యురాలు: మీరు పంపిన కార్యక్రమం చూశాను మాస్టారూ. మొదటి రోజు పదాలు లెక్కించి చూపే వోయంట్ అనే సాధనం, రెండో రోజు టీఈఐ పద్ధతిలో, ఏ భాగం ఏమిటో కంప్యూటర్‌కు తెలిసేలా, పాఠ్యానికి గుర్తులు పెట్టడం, మూడో రోజు మ్యాపులు, నాలుగో రోజు ఎవరికి ఎవరితో సంబంధమో చూపే నెట్‌వర్కులు, చివరి రోజు కలిసి వచ్చే పదాలను బట్టి పాఠ్యాల్లోని అంశాలను తేల్చే టాపిక్ మోడలింగ్, సాయంత్రం సర్టిఫికెట్లు. టీఈఐ 1987లో మొదలైంది. దాని మార్గదర్శకాలను ఇప్పటికీ సవరిస్తూనే ఉన్నారు. దాన్ని మనం ఒక్క రోజులో ముగించేస్తున్నాం. అదైనా సరిపెట్టుకుంటాను. అయిదు రోజులూ అభ్యాసానికి ఇచ్చేది మనం ముందే శుభ్రం చేసి ఉంచిన పాఠ్యం. నా అభ్యంతరమంతా అక్కడే.

పాత తెలుగు పుస్తకం ఒకటి స్కాన్ చేసి, ఓసీఆర్‌తో అక్షరాలుగా మార్చి, పదాలు లెక్కించమనండి. ‘వాఁడు’ ఒక పదం, ‘వాడు’ మరో పదం అంటుంది యంత్రం. ‘వచ్చాడు’, ‘వచ్చాడని’, ‘వచ్చాడేమో’ మూడూ దాని లెక్కలో వేర్వేరు. అచ్చులో ఒత్తు చెదిరిన చోట ఎవరూ ఏనాడూ రాయని పదం పుడుతుంది. వీటిని కలపాలా, విడిగా ఉంచాలా? అరసున్నలన్నీ తీసేస్తే లెక్క తేలికవుతుంది. కానీ అచ్చు పుస్తకాల్లోంచి అరసున్న ఎలా తప్పుకుందో చూడాలనుకునే పరిశోధకుడికి ఆధారమే తుడిచిపెట్టుకుపోతుంది. ఏ ప్రశ్న అడుగుతున్నామో తెలిస్తే తప్ప ఈ నిర్ణయాలు తీసుకోలేం. పరిశోధనలో సగం ఇక్కడే జరిగిపోతుంది. మన వర్క్‌షాప్ మాత్రం అదంతా అయిపోయిన తర్వాతే మొదలవుతుంది.

మాస్టారు: మొదటి పూటే ఇదంతా వాళ్ల నెత్తిన పెడితే రెండో రోజు ఎవరూ రారు. ముందు ఆసక్తి పుట్టించాలి. కెనడాలో విక్టోరియా విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి ఈ విద్యలో వేసవి శిక్షణ నడిపింది. ఈ రంగంలో ఎంతమంది తొలి పాఠాలు అక్కడ నేర్చుకున్నారో నీకు తెలియనిదా? వాళ్లదీ వారం రోజుల కోర్సే కదా.

శిష్యురాలు: వారం రోజులూ ఒకే కోర్సు మాస్టారూ. టీఈఐ ఎంచుకున్నవారు వారమంతా టీఈఐ దగ్గరే కూర్చుంటారు. మనం ఒకే వారంలో అయిదు పెట్టాం.

మాస్టారు: సరే, అయిదు ఎక్కువే. రెండు తీసేద్దాం.

శిష్యురాలు: ఎన్ని తీసేసినా ప్రశ్న అలాగే ఉంటుంది. ఇలాంటి ఒక శిక్షణ చివరి రోజున ఒక పరిశోధకుడు తెర మీద రంగురంగుల పటం చూపించాడు. నవలల్లో ఇరవై అంశాలు తేలాయన్నాడు. ఇరవై ఎందుకని అడిగితే, అది కంప్యూటరే చెప్పిందన్నాడు. చెప్పలేదు మాస్టారూ! అతను వాడిన ఆ పద్ధతిలో ఎన్ని అంశాలు కావాలో ముందుగా చెప్పాల్సింది మనిషే. ఇరవై అంటే ఇరవై ఇస్తుంది, యాభై అంటే యాభై ఇస్తుంది. అతను తెలివైనవాడే. ఆ సంఖ్య తానే ఎంచుకున్నానని తెలుసుకునే అవకాశం అతనికి ఎవరూ ఇవ్వలేదు. 2019లో నాన్ డా అనే ఆచార్యురాలు ‘క్రిటికల్ ఇంక్వైరీ’ పత్రికలో సాహిత్యంలో గణన పద్ధతుల మీద చేసిన విమర్శ మీరూ చదివారు. గట్టిగా నిలబడే ఫలితాలు ముందే తెలిసినవి, కొత్తగా కనిపించేవి నిలబడనివి అన్నారు ఆమె. అంత దూరం నేను వెళ్లను. కానీ మన వర్క్‌షాప్ నుంచి బయటికి వచ్చేవాళ్ల మీద ఆ మాట అక్షరాలా నిలుస్తుంది.

మాస్టారు: ఆవిడ ఆ విమర్శ ఎలా చేయగలిగింది? ఇతరుల లెక్కలను మళ్లీ చేసి చూసింది. సాధనాలు చేతికి వచ్చాయి కాబట్టే అది సాధ్యమైంది. సాధనం తెలియనివాడు నమ్మనైనా నమ్మాలి, దండం పెట్టి తప్పుకోనైనా తప్పుకోవాలి. ఎదురు ప్రశ్న వేయలేడు. నేను నేర్పుదామంటున్నది ఆ పాటి విద్యే.

శిష్యురాలు: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. సాధనం వద్దని నేననలేదు. దానికి ముందు ప్రశ్న ఉండాలన్నాను.

మాస్టారు: ప్రతిసారీ అలా కుదరదమ్మా. ఈ రంగానికి ఆద్యుడని చెప్పుకునే ఇటలీ క్రైస్తవ మతాచార్యుడు రాబెర్టో బూసానే చూడు. 1949లో ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్ దగ్గరికి వెళ్లి యంత్రాల సాయం అడిగాడు. అవి దొరికాకే కదా ఇదంతా సాధ్యమైంది!

శిష్యురాలు: దానికి ముందే ఆయన మధ్యయుగపు క్రైస్తవ తత్త్వవేత్త అక్వినాస్ రచనల్లో ‘ఇన్’ అనే చిన్న లాటిన్ మాట వచ్చే వాక్యాలను పదివేల కార్డుల మీద చేత్తో రాసుకున్నాడు. ప్రశ్న అప్పటికే ఉంది, చేతులు నొప్పెట్టాక యంత్రం కోసం వెళ్లాడు. ఆ రచనల్లోని మాటలన్నిటి పదసూచిక 56 సంపుటాలుగా అచ్చు పూర్తయ్యేసరికి 1980 వచ్చింది. ముప్పై ఏళ్లు!

మాస్టారు: ఆయన ఇటలీలో గాలరాటేలో, యంత్రం చదివేలా కార్డులకు రంధ్రాలు కొట్టే పంచ్ కార్డుల పని నేర్పే బడి కూడా పెట్టాడు. ఎందరో యువతులు అక్కడ శిక్షణ పొందారు. వాళ్లు లేకపోతే ఆ 56 సంపుటాలూ లేవు. అది పొట్టి శిక్షణ అని తీసిపారేస్తావా?

శిష్యురాలు: ఆ అమ్మాయిల పేర్లు ఎన్ని పుస్తకాల్లో ఉన్నాయి? చాలామందికి లాటిన్ రాదు. ఏం కొడుతున్నారో తెలియకుండా ఆ రచనలన్నీ కార్డులకెక్కించారు. మెలిస్సా టెర్రస్, జూలియాన్ నైహాన్ వంటి పరిశోధకులు పాత ఫొటోలు పట్టుకుని వెతికేదాకా వాళ్ల గురించి పట్టించుకున్నవారే లేరు.

మాస్టారు: పేర్లు దాచింది బూసా అంటావా, రాయనిది చరిత్రకారులంటావా?

శిష్యురాలు: ఇద్దరూ. పని వాళ్లది, పేరు ఆయనది.

మాస్టారు: అన్యాయమేనమ్మా, కాదనను. కానీ వాళ్లు బతుకుతెరువుకు పనికొచ్చే విద్య నేర్చుకున్నారు. లాటిన్ రాకుండా నేర్చుకున్నారు కాబట్టి అది విద్యే కాదనడానికి మనమెవరం? మనం దారి తప్పాం.

శిష్యురాలు: తప్పలేదు మాస్టారూ. చేతికి పని నేర్పి, ఆ పని దేనికో వేరేవాళ్ల దగ్గరే ఉంచడం అప్పుడు జరిగింది. మన కార్యక్రమంలోనూ అదే జరుగుతుంది.

మాస్టారు: నీ సెమినార్‌కు ఎవరు వస్తారో నేను చెబుతాను, విను. పెద్ద గ్రంథాలయం అందుబాటులో ఉన్నవాళ్లు, పక్క విభాగంలో కోడ్ రాసే స్నేహితులున్నవాళ్లు వస్తారు. రోజంతా పాఠాలు చెప్పి, రాత్రి పేపర్లు దిద్దే అధ్యాపకురాలు రాలేదు. ఆమెకు సెలవు దొరికేదే అయిదు రోజులు. తన ఊళ్లో ఈ విషయం మాట్లాడటానికి ఆమెకు ఒక్క మనిషి లేడు. ఆ అయిదు రోజుల్లో ఆమెకు టూల్ వస్తుందో రాదో గానీ, రేపు ఇబ్బంది వస్తే ఫోన్ చేసి అడగగల నలుగురు దొరుకుతారు. నీ ఏడాది సెమినార్ రెండో నెలకే తెలిసినవాళ్లు తెలిసినవాళ్లతో మాట్లాడుకునే చోటవుతుంది. అలాంటివి నేను చాలా చూశాను.

శిష్యురాలు: నేనూ చూశాను. అందుకే నెలకోసారి, ఇంటి నుంచే కలిసేలా పెట్టమంటున్నాను. మీరు చెప్పిన అధ్యాపకురాలికి టూల్ మెట్లు నేర్పడానికి మనం అక్కర్లేదు. ‘ప్రోగ్రామింగ్ హిస్టోరియన్’ అనే వెబ్‌సైట్ 2008 నుంచి ఉంది. నిపుణులు సమీక్షించిన పాఠాలు ఉచితంగా, ఇంగ్లిషు, స్పానిష్, ఫ్రెంచి, పోర్చుగీసు భాషల్లో దొరుకుతాయి.

మాస్టారు: తెలుగులో లేవు కదా.

శిష్యురాలు: లేవు. అది మనం చేయాల్సిన పని, దానికి ఎంత ఖర్చు పెట్టినా నాకు సంతోషమే. కానీ ఏ భాషలో ఉన్నా ఆ పాఠం చేయలేనిది ఒకటుంది. ఆమె ఫైలు తెరిచి, ఈ వరుస ఎందుకు తీసేశావు, ఈ రెండు పేర్లు ఒక మనిషివేనని ఎలా తేల్చావు అని పక్కన కూర్చుని అడగడం. మనుషుల సమయాన్ని దానికి ఖర్చు పెడదాం. మూడు రోజులు ఎదురెదురుగా కూర్చుందాం, మీరన్న ఆ నలుగురి పరిచయం అక్కడ జరుగుతుంది. ఎవరి పాఠ్యం వాళ్లే తెచ్చుకోవాలి. ఆ తర్వాత నెలకొకరు తాము ఎక్కడ చిక్కుకున్నారో చూపించాలి.

మాస్టారు: చిక్కుకున్నది చూపించడానికి ఎవరు ముందుకు వస్తారు? మన సెమినార్లలో పూర్తయిన పేపర్ చదువుతారు, చప్పట్లు కొడతారు, ప్రశ్నలకు సమయం లేదంటారు. మొదటి రెండు నెలలూ మనమిద్దరమే చూపించాలి.

శిష్యురాలు: చూపిద్దాం.

మాస్టారు: సర్టిఫికెట్ మాత్రం మొదటి మూడు రోజులకే ఇవ్వాలి. అది లేకపోతే ఆమెకు సెలవు ఇవ్వరు.

శిష్యురాలు: ఏడాది చివర పాఠ్యం, కోడ్, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రాసిన పత్రం అందరికీ అందుబాటులో పెట్టినవాళ్లకే ఇద్దామనుకున్నాను.

మాస్టారు: మధ్యలో ఆగిపోయేది ఆమేనమ్మా. దీని మీద నేను తగ్గను.

శిష్యురాలు: అయితే రెండు ఇద్దాం. మొదటి దాని మీద హాజరయ్యారని మాత్రమే రాయాలి.

మాస్టారు: రాద్దాం. మరి ఆ మూడు రోజుల్లో టాపిక్ మోడలింగ్ ఉండదా?

శిష్యురాలు: ఉండదు మాస్టారూ. ఎవరికైనా తమ ప్రశ్నకు అది అవసరమని తేలితే ఆరో నెలలో చూద్దాం.