తెలుగు వచ్చేసింది కదా అంటే సరిపోదు
వలస కుటుంబాల్లో బెంగంతా పెద్దలదే, పిల్లలు కొత్త ఊళ్ళో ఇట్టే కలిసిపోతారని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. విశాఖపట్నం మద్దిలపాలెంలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం ఒడిశాలోని రాయగడ వైపు నుంచి వచ్చింది. వాళ్ళ పదేళ్ళ అమ్మాయి ఆరు నెలల్లో తెలుగు పట్టేసింది, మేమంతా భేష్ అన్నాం. అసలు కష్టం అక్కడే మొదలైంది. కొట్లో, ఆస్పత్రి ఓపీ లైన్లో వాళ్ళమ్మ మాట తనే తెలుగులో చెప్పాలి. అమ్మ రిపోర్టులో ఏముందో డాక్టర్ ఆ పిల్లకే చెప్పారట! తర్వాత రోజూ బడి టైముకి కడుపునొప్పి. టెస్టులన్నీ నార్మల్. బడి ఎగ్గొట్టే నాటకం అన్నారు టీచర్. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు మెట్ల కింద కూర్చుని నోట్‌బుక్ వెనక పేజీలో వాళ్ళ ఊరి ఇల్లు గీస్తూ కనిపించింది, గుమ్మంలో నానమ్మ. ముందు పేజీల్లోనూ అదే ఇల్లు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాం (ఉచితమే, 2022 నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు). పిల్ల మీద పెద్దల పనుల భారం తగ్గించమన్నారు. కడుపునొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఆస్పత్రికి ఇప్పుడు వాళ్ళమ్మతో నేనే వెళ్తున్నాను, నా వచ్చీరాని ఒడియాతో.